అపోహలు – వాస్తవాలు: "మేం ఎవరికి గుద్దినమో వాళ్లకు తెలుస్తదట సారూ!"

ఎన్నికల డ్యూటీకి ఏ ఊరు వెళ్లినా ఈ మాట వినకుండా తిరిగి రాలేదు. నేను నల్లగొండ జిల్లాలో సర్కారు బడి టీచర్ని, చాలా ఎన్నికలకు బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశాను. దేవరకొండ వైపు తండాలో అయినా, హైవే పక్క ఊళ్లో అయినా, ఒకరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి ఇదే అడుగుతారు.

అపోహ: ఏ గుర్తుకు వేశామో నాయకులకు ఫోన్లో కనిపిస్తుంది.

కనిపించదు. ఈ ఒక్క పుకారు చేసే నష్టం మిగతావన్నీ కలిపినా చేయవు. పింఛను ఆగిపోతుందేమో, ఇల్లు రాదేమో అన్న భయంతో తమకు ఇష్టం లేని గుర్తు నొక్కి వచ్చామని నాతో చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. అలా వేసిన ఓటు మళ్లీ ఐదేళ్ల దాకా తిరిగి రాదు.

ఇంతకీ ఈ భయం ఎక్కడ పుట్టింది? పార్టీ కార్యకర్త ఫోన్లో మీ పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. ఓటర్ల జాబితాను గుర్తింపు ఉన్న పార్టీలకు ఇస్తారు కాబట్టి అందులో వింతేమీ లేదు. మీకు ఏ పథకం వస్తుందో ఊళ్లో అందరికీ తెలిసిందే, దాన్నీ అందులో రాసుకుంటాడు. పోలింగ్ రోజు బూత్‌లో కూర్చున్న ఏజెంటు వచ్చినవాళ్ల పేర్లకు టిక్కు పెడతాడు. సాయంత్రం "నువ్వు పది గంటలకు వచ్చినవ్ గదా" అని ఫోన్ చూపించి చెబితే, వీడికి అన్నీ తెలుసనుకుని మనిషి బెదిరిపోతాడు. అతనికి తెలిసింది మీరు వచ్చారన్న సంగతి వరకే. ఓటు వేయడానికి వచ్చినవాళ్లను రాసే మా 17ఏ రిజిస్టర్‌లో మీ వరుస నంబరు, సంతకమో వేలిముద్రో ఉంటాయి. మీ ఓటు ఎవరికి పడిందో మీకు చూపించే వీవీప్యాట్ మిషను చీటీ మీద అభ్యర్థి నంబరు, పేరు, గుర్తు ఉంటాయి. ఆ చీటీ మీద మీ పేరు ఉండదు, ఈ రిజిస్టర్‌లో గుర్తు ఉండదు.

ఇక కెమెరా. పోలింగ్‌ను అధికారులకు ప్రత్యక్షంగా చూపించే వెబ్‌కాస్టింగ్ కెమెరాను ఓటు వేసే అట్టల చాటు కనిపించకుండా పెట్టాలి. అది క్యూను, సిబ్బందిని చూస్తుంది, మీ వేలిని చూడదు.

ఒక నిజం మాత్రం దాచను. బూత్ వారీగా ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్కింపు తర్వాత ఫారం 20లో బయటికి వస్తుంది. చిన్న తండాలో ఒక్కటే బూత్ ఉంటే "మీ తండా మాకు వెయ్యలేదు" అని అనగలరు. చాలా బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే కోరింది. అది ఇంకా అమల్లోకి రాలేదు, రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అయినా ఆ కాగితంలో మీ పేరుకు చోటు లేదు.

2022 నవంబరు 3, మునుగోడు ఉపఎన్నిక. 47 మంది అభ్యర్థులు, నోటాతో 48. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 చొప్పున మూడు యూనిట్లు పక్కపక్కన పరిచాం. అంత పొడుగు మిషను చూసి ఒక అవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. "ఇది అందరికీ చెప్తదట గదా బిడ్డా?"

1996 ఎంపీ ఎన్నికకు ఓటు వేశావా అని అడిగాను. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని మన నల్లగొండలో 480 మంది బరిలో నిలబడిన ఎన్నిక అది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. "వేసిన. పుస్తకం మీద గుద్ది డబ్బాలేసిన" అంది. ఇప్పుడూ అంతే అవ్వా, బటన్ నొక్కితే చీటీ అద్దంలో ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడుతుంది, డబ్బాకు సీలు ఉంటుంది అన్నాను. లోపలికి వెళ్లింది. బటన్ నొక్కాక కూడా కాసేపు అక్కడే నిలబడింది, చీటీ పడిందాకా చూసిందట.

అపోహ: ఏది నొక్కినా ఒకే పార్టీకి పోతుంది. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే నమూనా ఓటింగ్ చేసి చూపిస్తాం. మీ చీటీ తేడాగా వస్తే బయటికొచ్చి వాట్సాప్‌లో పెట్టకండి, అక్కడే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పండి. రాతపూర్వకంగా తీసుకుని టెస్ట్ ఓటు వేయిస్తారు. అబద్ధమని తేలితే మాత్రం కేసు అవుతుంది.

అపోహ: కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే. జాబితాలో పేరుంటేనే ఓటు. 2018 డిసెంబరు 7న కార్డు పట్టుకుని వచ్చి పేరు లేక వెనక్కి పోయినవాళ్ల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. 1950కి ఫోన్ చేసో, ఎన్నికల సంఘం యాప్‌లోనో ముందే చూసుకోండి. పేరు లేకపోతే, కొత్తగా చేర్చమని ఫారం 6 పెట్టుకోండి.

అపోహ: ఓటు వేస్తూ ఫోటో తీసి చూపించాల్సిందే. ఎవరడిగినా బూత్‌లోకి ఫోన్ రానివ్వరని చెప్పండి. అది నిజమే, రానివ్వం.