శివారు మంచానికి అందని వెలుగు

తీవ్రమైన కుంగుబాటుతో ఆసుపత్రిలో చేరిన తమ్ముడి మంచాన్ని డాక్టరుగారు వార్డు లోపలి గోడ పక్కనుంచి తీయించి తూర్పు కిటికీ దగ్గర వేయించారని, మందులకు వెలుగు కూడా తోడైతే మంచిదన్నారని, ఇందులో శాస్త్రమెంతో, ఓదార్పుమాట ఎంతో తెలియజేయమని అమలాపురం దగ్గరి పాఠకురాలొకరు రాశారు. ఆ డాక్టరుగారు చేసింది సరైన పని. దాని వెనకనున్న శాస్త్రం నన్ను ఏళ్ళ తరబడి ఆకట్టుకుంటున్నది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ఎండకు కరువులేని గోదావరి సీమలో మనిషికి వెలుగు చాలకపోవడమేమిటన్న అనుమానం సహజమే. సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న మనకు డిసెంబరులోనూ 11 గంటల పగలుంటుంది. అయితే ఇక్కడ లెక్కకు వచ్చేది బయట కాసే ఎండ కాదు, రోగి కంటిలోకి చేరే వెలుగు. వెలుగును కొలిచే కొలమానం లక్సు. నడిమధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్సులు. శ్రావణమాసపు ముసురులోనూ ఆరుబయట వేల లక్సులుంటాయి. ట్యూబ్‌లైటు వెలిగే మామూలు గదిలో 100 నుంచి 300 లక్సులు ఉంటే గొప్ప. ఇంత తేడా ఉన్నా కన్ను ఎక్కడి వెలుగుకు అక్కడ సర్దుకుంటుంది కనుక, గది చీకటిగా ఉన్నదన్న సంగతే మనకు తోచదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నాటి నుంచి నేటి వరకు కాలువ మొదట్లోని హెడ్ స్లూయిస్ దగ్గర నీరు నిండుగా పారుతున్నా కాలువ చివరనున్న శివారు చేలకు నీరందలేదన్న మాట ప్రతి దాళ్వా (రెండో పంట)లోనూ వింటూనే ఉన్నాం. వార్డులో లోపలి గోడ పక్కనున్న మంచం అటువంటి శివారు భూమే. కిటికీ పక్కన వెయ్యి లక్సులకు పైగా ఉన్న వెలుగు లోపలి గోడ దగ్గరకు వచ్చేసరికి వంద లోపుకు పడిపోవడం సాధారణం. ఎందుకంటే కిటికీ పక్కనున్న కంటికి ఆకాశం నేరుగా కనిపిస్తుంది. లోపలికి జరిగేకొద్దీ ఆ ఆకాశపు ముక్క చిన్నదై, చివరకు గోడల మీద పడి తిరిగివచ్చే వెలుగే మిగులుతుంది. మన వైపు వసారాలు, సన్‌షేడ్లు, కిటికీని ఆనుకుని ఎదిగిన కొబ్బరిచెట్లు ఆ ముక్కను కూడా దారిలోనే తోడేస్తాయి. దిండు మీద తల పెట్టి చూస్తే ఆకాశం కనిపిస్తున్నదా లేదా అన్నది ఏ పరికరమూ అవసరంలేని మంచి పరీక్ష. దీనికి తోడు కుంగుబాటులో ఉన్న మనిషి తరచుగా గోడవైపు తిరిగి, దుప్పటి ముసుగు పెట్టి పడుకుంటాడు. అంటే చివరి తూము కూడా మూసుకుపోయినట్టే.

ఆ తూము ఏమిటో చెప్పాలి. పూర్వం మన కాలువల్లో పడవలూ నడిచేవి, అదే నీటితో చేలూ తడిసేవి. కంటి నరం కూడా అదేవిధంగా రెండు పనులు చేస్తుంది. దృశ్యాన్ని మోసుకుపోయేది ఒకటి. పగలో రాత్రో మెదడుకు తెలియజేసేది రెండవది. రెండవ పనికి ఆధారమైన మెలనాప్సిన్ అనే వర్ణకాన్ని 1998లో మొదట కప్ప చర్మకణాల్లో గుర్తించారు. అది మన కంటి వెనక పొర అయిన రెటీనాలో, మెదడుకు సంకేతాలు పంపే గాంగ్లియాన్ కణాల్లో కొద్దిపాటి వాటిలో ఉంటుందని, ఆ కణాలు తమంతట తామే వెలుగుకు స్పందిస్తాయని 2002 నాటికి తేలింది. అవి సుమారు 480 నానోమీటర్ల నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి, నెమ్మదిగా మేల్కొంటాయి, చాలాసేపు సంకేతం పంపుతూనే ఉంటాయి. క్షణంలో కనుమరుగయ్యే పడవకూ, గంటల తరబడి నీరు తాగే చేనుకూ ఉన్న తేడాయే ఇది. వాటి సంకేతం మెదడు అడుగుభాగమైన హైపోథాలమస్‌లో దాదాపు 20,000 నాడీకణాలున్న సుప్రాకయాస్మాటిక్ కేంద్రకానికి చేరుతుంది. మన జీవగడియారం అదే. దాని సొంత దినం సగటున 24 గంటలకు పది పన్నెండు నిమిషాలు ఎక్కువ కాబట్టి, ఉదయపు వెలుగు ప్రతిరోజూ దానిని ముందుకు జరపకపోతే నిద్ర రోజురోజుకూ వెనక్కు జారుతుంది. నిద్ర చెదిరితే మనసు చెదరడం కుంగుబాటు తెలిసిన ఏ కుటుంబానికైనా అనుభవమే.

నీటికి వేళ ఉన్నట్టే వెలుగుకూ వేళ ఉంది. ఊడ్పుల నాడు కావలసిన నీరే కోతల నాడు నిలిస్తే పనలు నానిపోతాయి. ఉదయపు వెలుగు గడియారాన్ని ముందుకు జరిపితే, రాత్రి వెలుగు వెనక్కు నెడుతుంది, రాత్రివేళ నిద్రకు సిద్ధంచేసే హార్మోను మెలటోనిన్ ఊరడాన్ని అణచివేస్తుంది.

రోగుల మీద ఏం కనిపించింది? కెనడాలోని ఎడ్మంటన్‌లో 1996లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఎండ వచ్చే గదుల్లోని కుంగుబాటు రోగులు సగటున 16.9 రోజులు, మసక గదుల్లోనివారు 19.5 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇటలీలోని మిలాన్‌లో 2001లో తూర్పు గదుల్లోని బైపోలార్ (కుంగుబాటు, ఉన్మాదం మార్చిమార్చి వచ్చే జబ్బు) కుంగుబాటు రోగులు పడమటి గదులవారికంటే 3.67 రోజులు ముందుగా ఇంటికి వెళ్ళారు. కోపెన్‌హేగన్‌లో 2016లో ఆగ్నేయపు గదుల్లో 29.2 రోజులు, వాయవ్యపు గదుల్లో 58.8 రోజులు తేలింది. అయితే అది 67 మంది పాత రికార్డులను చూసిన చిన్న అధ్యయనం కాబట్టి ఆ సంఖ్యను పట్టుకుని ఊగిపోకూడదు. తూర్పు అనగానే వాస్తుకు రుజువు దొరికిందనేవారు మనలో ఉంటారు. వాస్తు వంటగదికి కేటాయించే ఆగ్నేయమే కోపెన్‌హేగన్ రోగులకు మేలుచేసింది. తూర్పు కిటికీకి ఎదురుగా మూడంతస్తుల మేడ లేస్తే ఆ దిక్కు ఏమీ చేయలేదు. అలాగే గాలి సోకిందనో దిష్టి తగిలిందనో దిగులుతో ఉన్న మనిషిని తలుపులు మూసిన గదిలో పడుకోబెట్టే అలవాటు అతని జీవగడియారానికి ఉన్న ఆ కాస్త ఆధారాన్నీ తీసేస్తుంది.

కిటికీ చాలనిచోట దీపం ఉంది. తెల్లవారగానే 10,000 లక్సుల దీపం ఎదుట అరగంట కూర్చోవడం ప్రామాణిక పద్ధతి. ఋతువులతో సంబంధంలేని కుంగుబాటు ఉన్న 122 మంది మీద 2016లో ప్రచురించిన పరీక్షలో ఆ దీపం, కుంగుబాటుకు వాడే ఫ్లుయాక్సెటిన్ మాత్ర కలిసినప్పుడు మంచి ఫలితమొచ్చింది. కాబట్టి మంచం మారిందని మాత్రలు మానకూడదు. రోగికి బైపోలార్ జబ్బు ఉంటే తీవ్రమైన వెలుగు ఉన్మాదాన్ని రేపే ప్రమాదముంది కనుక, దీపం కొనేముందు డాక్టరును తప్పనిసరిగా అడగాలి. సూర్యుణ్ణి నేరుగా చూడడం ఏ వైద్యంలోనూ భాగం కాదు.

గది మొత్తానికి వెలుగు వేళలను అమర్చడం కొత్త దారి. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఒక మానసిక వైద్యపు వార్డులో సాయంత్రమయ్యేసరికి దీపాల నుంచి నీలి వెలుగును తీసేసే ఏర్పాటు చేశారు. ఆరోగ్యవంతులను అందులో ఉంచి చూసినప్పుడు మామూలు దీపాల కింద కంటే మెలటోనిన్ తక్కువగా అణిగింది. మన వార్డుల్లో తెల్లటి ట్యూబ్‌లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. నర్సు మందు చీటీ చదువుకోవడానికి ఆమె బల్ల మీద ఒక దీపం, నడవడానికి నేలబారున పసుపు పచ్చని దీపాలు ఉంటే, రోగుల కళ్ళ మీద పడే తెల్లని దీపాలను పదింటికల్లా ఆర్పివేయవచ్చు.