తల్లివేరు వదిలి తవ్వేవాళ్లు

ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని కలహారి ఇసుక నేలల్లో వానలు పడగానే ఒక తీగ మొలిచి నేల మీద పాకుతుంది. గులాబీ, ఊదా కలిసిన పూలు పూసి, తర్వాత కొక్కేల ముళ్లున్న కాయలు కాస్తుంది. ఆ కొక్కేలు దారిన పోయే జంతువుల గిట్టలకు, బొచ్చుకు పట్టుకుని గింజల్ని దూరాలకు చేరవేస్తాయి. డెవిల్స్ క్లా పేరుతో యూరప్ మందుల దుకాణాల్లో అమ్ముడయ్యేది ఈ మొక్క గడ్డే. శాస్త్రనామం హార్పగోఫైటమ్. నువ్వుల కుటుంబం. మన దగ్గర ఇసుక నేలల్లో కనిపించే ఏనుగు పల్లేరుకు చుట్టం. అక్కడి శాన్, ఖోయ్ ప్రజలు జ్వరానికి, అజీర్తికి, ఒళ్లునొప్పులకు దీన్ని తరతరాలుగా వాడుతున్నారు. 1962లో నమీబియా నుంచి ఎగుమతి మొదలైంది. అప్పటి నుంచి ఈ మొక్క బతుకు దాన్ని తవ్వే చేతి మీదే ఆధారపడింది.

దీనికి నిటారుగా దిగే తల్లివేరు ఒకటి ఉంటుంది. దాని నుంచి పక్కలకు పాకే వేళ్ల మీద చిలగడదుంపల్లా గడ్డలు ఊరతాయి. ఒక్కోటి 25 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల మందం దాకా పెరుగుతుంది. మందుగా పనిచేసే పదార్థాల్లో ముఖ్యమైనది హార్పగోసైడ్. అది తల్లివేరులో కంటే పక్క గడ్డల్లో సుమారు రెట్టింపు ఉంటుంది. అంటే మొక్కను బతికించే భాగాన్ని వదిలేసినా మందుకు నష్టమేమీ లేదు. ఇంత అనుకూలమైన ఏర్పాటు చాలా మూలికల్లో కనిపించదు.

తెలిసినవాళ్లు తీగ మొదట్లో గునపం దించరు. కాస్త ఎడంగా, ఒక పక్క నుంచి గొయ్యి తీస్తారు. గడ్డ తగలగానే చేత్తో ఇసుక తోడి, అది వేరుకు అతుక్కున్న చోట కోస్తారు. అన్నీ ఊడ్చేయకుండా కొన్ని వదులుతారు. చిన్న మొక్కల జోలికి పోరు. చివరగా గోతిని మళ్లీ ఇసుకతో పూడుస్తారు. ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఇదే. గొయ్యి తెరిచి ఉంటే తల్లివేరు ఎండకు వడలిపోతుంది, లేదా పశువులు దాన్ని కొరికేస్తాయి. పూడ్చిన గోతిలోనైతే మళ్లీ వానలు పడ్డాక అదే వేరు నుంచి తీగ లేస్తుంది. కాయ ముదిరి గింజ రాలేదాకా ఆగడం కూడా అవసరం. అందుకే తవ్వకం వానలు తగ్గాక మొదలుపెడతారు.

తవ్విన గడ్డలో నీరు ఎక్కువ. ఇసుక దులిపి, పలచని బిళ్లలుగా తరిగి, నేలకు ఎత్తులో కట్టిన వల మీద ఆరబెట్టాలి. బిళ్ల మందంగా ఉంటే లోపల బూజు పడుతుంది. నేల మీద పరిస్తే ఇసుక అంటుకుని సరుకు వెనక్కి వస్తుంది. మందుల నాణ్యతా ప్రమాణాలు చెప్పే యూరప్ ఫార్మకోపియా ప్రకారం ఎండు గడ్డలో హార్పగోసైడ్ కనీసం 1.2 శాతం ఉండాలి. తల్లివేళ్లు కలిపిన సరుకు ఈ పరీక్ష దగ్గర బలహీనపడుతుంది.

ఇంత తెలిసీ మొక్కలు ఎందుకు నాశనమవుతున్నాయంటే, తవ్వేవాడికి దక్కేది తక్కువ. దళారి బరువు చూసి డబ్బిస్తాడు, గొయ్యి పూడ్చడానికి ఇవ్వడు. నమీబియా 1977లోనే ఈ మొక్కను రక్షిత జాబితాలో చేర్చి తవ్వకానికి అనుమతి తప్పనిసరి చేసింది. కానీ చట్టం కంటే మంచి ధరే ఎక్కువ పని చేసిందని నేను నమ్ముతాను. బ్వాబ్వాటా జాతీయ పార్కులో ఖ్వే ప్రజల సంఘం క్యారమకాన్ ఆధ్వర్యంలో తవ్వేవాళ్లు శిక్షణ పొంది, సేంద్రియ ధ్రువీకరణతో సరుకు అమ్మారు. ఏనుగులు, సింహాలు తిరిగే అడవి అది. అక్కడ గడ్డ తవ్వాలంటే జంతువుల జాడలు చదవడం కూడా వచ్చి ఉండాలి.

ఇంతకీ మందు పనిచేస్తుందా? రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల హార్పగోసైడ్ అందేలా వాడితే నడుంనొప్పి కొంత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అల్సర్, పిత్తాశయ రాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

బెరడు మందుల కథ ఇంత సులువు కాదు. దక్షిణాఫ్రికాలో మూలికల వ్యాపారం ఏడాదికి సుమారు 20,000 టన్నులని 2007లో అంచనా వేశారు. డర్బన్, జొహానెస్‌బర్గ్ మూలికల బజార్లలో సాంగోమాలు, ఇన్యాంగాలు అనే సంప్రదాయ వైద్యులు కొనేవాటిలో వేళ్లు, గడ్డలు, బెరళ్లే ఎక్కువ. దగ్గుకు, జలుబుకు వాడే ఇసిభాహా వాటిలో ఒకటి. అది వార్‌బర్జియా సలుటారిస్ అనే చెట్టు బెరడు, మిరియంలా ఘాటుగా ఉంటుంది.

ఆకుల్లో తయారైన చక్కెర వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. మాను చుట్టూ బెరడు ఒలిచేస్తే వేళ్లకు తిండి ఆగుతుంది. నీళ్లు మోసే కలప మాత్రం లోపల పదిలంగా ఉంటుంది కాబట్టి ఆకులు కొంతకాలం పచ్చగానే కనిపిస్తాయి. ఒలిచినవాడు చెట్టుకేం కాలేదనుకుంటాడు. వేళ్లలోని నిల్వ అయిపోయాక చెట్టు నిలువునా ఎండుతుంది. ఒక పక్క సన్నని నిలువు పట్టీ మాత్రమే తీస్తే కొన్ని జాతులు గాయం పూడ్చుకుంటాయి. అదీ జాతిని బట్టి మారుతుంది, గాయంలో శిలీంధ్రాలు చేరితే మాను కుళ్లుతుంది.

ఇక్కడ రసాయన శాస్త్రం ఒక దారి చూపింది. ఇసిభాహా ఘాటుకు కారణమైన సెస్క్విటెర్పీన్లు అనే రసాయనాల లాంటివే దాని ఆకుల్లోనూ ఉన్నాయి. బెరడుకు మాను లావెక్కేదాకా ఏళ్ల తరబడి ఆగాలి, ఆకు లేత చెట్టు నుంచే కోయొచ్చు. అందుకే క్రూగర్ జాతీయ పార్కు చుట్టుపక్కల వైద్యులకు, ఊళ్లకు ఈ మొక్కలు పంచుతున్నారు. డర్బన్‌లోని సిల్వర్‌గ్లెన్ నర్సరీ 1980ల నుంచీ మూలికలు పెంచుతోంది. గింజ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఎండబెట్టి దాచితే మొలకెత్తదు, పండు నుంచి తీసిన వెంటనే నాటాలి. బజారులో ఇంకో చిక్కు ఉంది. బెరడు ముక్కను కొనేవాడు రంగు, వాసన చూసి గుర్తుపడతాడు. ఆకు పొడిలో ఏం కలిసిందో చూసి చెప్పలేడు. వైద్యుడే స్వయంగా ఆకు వాడి, రోగికి ఇచ్చి చూపిస్తే తప్ప ఆ నమ్మకం కుదరదు.

రాబందుల విషయంలో ఇలాంటి ప్రత్యామ్నాయం లేదు. జరగబోయేది ముందే తెలుస్తుందన్న నమ్మకంతో సంప్రదాయ వైద్యంలో రాబందు తలలు కొంటారు. వాటి కోసం కళేబరాలకు పురుగుమందు పూస్తారు. ఒక్క కళేబరం మీద వందల పక్షులు వాలతాయి. 2019లో ఉత్తర బోట్స్వానాలో వేటగాళ్లు చంపిన 3 ఏనుగుల విషపు కళేబరాల దగ్గర 537 రాబందులు చనిపోయాయి. అక్కడ వేటగాళ్ల ఉద్దేశం వేరు, ఆకాశంలో తిరిగే రాబందులు తమ జాడ చెప్పకూడదనే వాళ్లు విషం పెడతారు. కారణం ఏదైనా నష్టం ఒకటే. తెల్లవీపు రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల పెద్దదై గుడ్డు పెట్టడానికి కొన్నేళ్లు పడుతుంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల రాబందులు దాదాపు మాయమైన దేశం మనది, పోయినవి ఎంత మెల్లగా తిరిగొస్తాయో మనకు తెలుసు. రాబందు తల మీద ఉన్న నమ్మకాన్ని ఎగతాళి చేస్తే వైద్యులెవరూ వినరు. విషంతో చచ్చిన పక్షి తలను మందుగా వాడితే ఆ విషం రోగి ఒంట్లోకీ చేరవచ్చన్న మాటతో మొదలుపెడితే, రోగి క్షేమం కోరే వైద్యుడు వింటాడు.