సాలెపురుగు మీద పడ్డ నిందలు: అడవి నడకకు ముందు తెలియాల్సినవి

అపోహ: సాలెపురుగు ఉచ్చపోస్తే ఒంటిమీద పొక్కులొస్తాయి.

వాస్తవం: ఈ నింద పూర్తిగా అన్యాయం. వానకాలం రాత్రుళ్లు లైటు కింద వాలే పెడెరస్ అనే సన్నటి పురుగుది చాలాసార్లు ఆ పని. పొడవు సుమారు సెంటీమీటరు. తల నలుపు, ఛాతీ నారింజ, నడుమ నీలినలుపు, మళ్లీ నారింజ, కొసన నలుపు. అది కుట్టదు. చీమ అనుకుని మెడమీద నలిపేస్తాం, దాని ఒంట్లోని పెడెరిన్ రసం చర్మానికి అంటుతుంది. మంట అప్పుడే తెలియదు. ఒకటి రెండు రోజులకు గీత గీసినట్టు ఎర్రబడి పొక్కుతుంది. అప్పటికి పురుగు సంగతి గుర్తుండదు, కనిపించేది గోడమీది సాలీడే. ఒంటిమీద వాలితే ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్లు ముట్టొద్దు. ఛాతీకో నడుముకో ఒకవైపే పట్టీలా పొక్కులు, నొప్పి ఉంటే సర్పి కావచ్చు. మూడు రోజుల్లోపే డాక్టరుకు చూపించాలి.

కంది పూలమీది నలుపు-నారింజ పట్టీల పెంకుపురుగునూ పట్టుకోవద్దు. కాళ్ల కీళ్ల నుంచి కారే దాని రసానికీ బొబ్బలొస్తాయి.

అపోహ: ముళ్లకంపకు పట్టిన మురికి బూజు ఖాళీది.

వాస్తవం: తుమ్మ, రేగు కొమ్మల్లోని ఆ ముద్ద చాలాసార్లు స్టెగోడైఫస్ సాలీళ్ల ఉమ్మడి కాపురం. ఒక్కో గూట్లో పదుల నుంచి వందల దాకా ఉంటాయి. చుట్టూ పరిచిన వలకు జిగురుండదు, దువ్విన పీచులాంటి పోగులే పురుగు కాళ్లను పట్టేస్తాయి. మిడత పడితే ఆ అదురుకు అరడజను కలిసి వస్తాయి. చివరికి తల్లులు తమ ఒంటినే పిల్లలకు మేతగా ఇస్తాయి. కట్టెతో గెలికితే అన్నీ లోపలికి పోతాయి. కదలకుండా కూర్చున్నవాళ్లకే ఈ కాపురం కనిపిస్తుంది.

అపోహ: ఆరుద్ర పురుగు కీటకమే.

వాస్తవం: కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది. సాలీడుకు చుట్టం, పంటలకు పట్టే ఎర్రనల్లి జాతి (మైట్), మంచంలోని నల్లి కాదు. తొలకరికి బయటికొచ్చిన వాటిని సీసాల్లో నింపొద్దు.

అపోహ: రాత్రి సాలీళ్లను చూడాలంటే పెద్ద లైటు కావాలి.

వాస్తవం: మామూలు టార్చి చాలు, కణతకు ఆనించి పట్టుకోవాలి. నేలమీద తిరిగే తోడేలు సాలీడు (వుల్ఫ్ స్పైడర్) కంట్లో పడ్డ వెలుగు వచ్చిన దారినే తిరిగొస్తుంది, అందుకే టార్చి నడుం దగ్గరుంటే ఆ మెరుపు మనకు అందదు. ఇది ఊరి పక్క పొలంగట్టున చేసే పని. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి మాత్రం పగలే, అటవీశాఖ అనుమతితోనే వెళ్లాలి. గట్టుమీదైనా బూట్లు తప్పనిసరి, కట్లపాము తిరిగేది రాత్రిళ్లే.