సంచి మీదకు వెళ్ళిన చెయ్యి

పిల్లలకు,

కిందటి నెల చీరాల నుంచి బాపట్లకు ప్యాసింజరు రైల్లో వెళ్తున్నాను. దారిలో స్టువర్టుపురం వచ్చింది. బోర్డు మీద పేరు చదివానో లేదో, పక్కనున్న సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. అప్పటికి పెట్టెలోకి ఎవరూ ఎక్కనే లేదు. మనుషులంతా ఒక్కటేనని మీకు ఎన్నిసార్లు చెప్పానో! నా చెయ్యి మాత్రం చిన్నప్పుడు విన్న మాటనే నమ్మింది. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

'స్టువర్టుపురం దొంగ' అనేది మా బడిలో తిట్టు. ఎవరి పెన్సిలు పోయినా ఆ మాటే అనుకునేవాళ్ళం. ఆ ఊరివాళ్ళను మాలో ఒక్కరూ చూసి ఎరుగరు.

ఆ ఊరు ఎలా పుట్టిందో చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎరుకలవాళ్ళు పూర్వం ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు. రైళ్ళు వచ్చి సరుకు మోయడం మొదలయ్యాక ఆ వ్యాపారం దెబ్బతింది. ఒకచోట నిలవకుండా తిరిగేవాళ్ళంటే ఆంగ్లేయ ప్రభుత్వానికి మొదటి నుంచీ అనుమానమే. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో అది మన ప్రాంతం కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఆ చట్టం జాబితాకెక్కిన జాతిలో పుట్టినవాడు ఏ తప్పూ చేయకపోయినా వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి అడగాలి. అలాంటి కుటుంబాలను ఉంచడానికి కట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకి అప్పగించిన ఊరే స్టువర్టుపురం. ఆ పేరు కూడా ఒక ఆంగ్లేయ అధికారిదే. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. నేను దాని తరువాత పుట్టినవాణ్ణి.

అక్కడ దొంగతనాలు చేసినవాళ్ళు లేరని అనను. ఉన్నారు. కవి జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం 1970లలో అక్కడ పనిచేసింది వాళ్ళకు మరో బతుకుతెరువు చూపడానికే. కానీ ఒక సంగతి చెప్తాను. మా వీధిలో ఒకాయన చీటీల డబ్బుతో పారిపోయాడు. ఆయన్ను పేరు పెట్టి తిట్టాం. ఆయన కులాన్ని గానీ మా ఊరిని గానీ ఎవరూ ఒక్క మాట అనలేదు. మనవాడి తప్పు వాడొక్కడిదే అవుతుంది, అవతలివాడిది మాత్రం వాళ్ళ వాళ్ళందరికీ చుట్టుకుంటుంది. ఈ తేడా నాలో ఉందని పట్టుకోవడానికి నాకు డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఫలానా యాసవాళ్ళ గురించో, ఫలానా పేటవాళ్ళ గురించో 'వాళ్ళంతే' అనే మాట మీ నోటికీ వస్తుంది. వచ్చినప్పుడు, అలాంటివాళ్ళను నేను నిజంగా ఎంతమందిని చూశాను అని లెక్కపెట్టుకోండి. స్టువర్టుపురం మీదుగా నేను కొన్ని వందలసార్లు వెళ్ళాను. నా సంచి ఒక్కసారీ పోలేదు. ఆ వందల ప్రయాణాల్లో ఒక్కటైనా నాకు గుర్తు రాలేదు చూడండి!

ఆ రోజు అక్కడ ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు. సంచి కింద పెట్టి, జరిగి చోటిచ్చాను. పెద్దపిల్ల ఒకసారి నా సంచి వైపు చూసింది. ఇందాక నేను దాన్ని లాక్కోవడం ప్లాట్‌ఫారం మీద నుంచి చూసిందేమోనని బాపట్లలో దిగేదాకా అనుకుంటూనే ఉన్నాను.

మీ తాతయ్య