కంట్లో నీళ్ళున్నాయి, నూనె లేదు

చిన్నా, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో ఇద్దరూ కళ్ళు నులుముకుంటూనే మాట్లాడారు. చిన్నా, నీ ఎడమ రెప్ప అంచు ఎర్రగా ఉంది, వెంట్రుకల మొదట్లో తెల్లటి పొట్టు కూడా కనిపించింది. "డ్రై ఐ అమ్మమ్మా, చుక్కలు వేసుకుంటున్నా" అన్నావు. ఏడాదిపాటు నేనూ అదే మాట అన్నాను, అందుకే ఈ ఉత్తరం.

నాకు పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయేవి, కళ్ళలో ఇసుక పోసినట్టుండేది, కాస్త గాలి తగిలితే చాలు బొటబొటా నీళ్ళు. నీళ్ళు కారే కన్ను ఎండిపోయిందంటే ఎవరు నమ్ముతారు? మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే రెండ్రోజులు హాయి, తర్వాత మామూలే. వాటిలో స్టెరాయిడ్ ఉందట. చూపించుకోకుండా నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. చెప్పడమేంటి, తిట్టింది.

ఆవిడ నా కింది రెప్పను మెల్లగా నొక్కి, ఫోటో తీసి చూపించింది. అంచు వెంబడి వరసగా సూదిమొన లాంటి రంధ్రాలు, అవి నూనె గ్రంథుల నోళ్ళు. 1666లో వాటి గురించి రాసిన జర్మన్ వైద్యుడు మీబోమ్ పేరుతో మీబోమియన్ గ్రంథులంటారు. పై రెప్పలో 25 నుంచి 40, కింద 20 నుంచి 30 ఉంటాయి. నొక్కితే వంటనూనెలా పల్చగా రావాలి, నాకేమో పేరిన నెయ్యిలా వచ్చింది.

ఆవకాయ మీద నూనె తేలేలా ఎందుకు పోస్తాం, గాలి తగలకూడదనే కదా. కన్నీటి మీదా అలాంటి పొరే ఉంటుంది. రెప్ప అంచు వాచి (దీన్నే బ్లెఫరైటిస్ అంటారు) గ్రంథులు పూడుకుపోతే ఆ పొర పలచబడి నీరు ఆవిరైపోతుంది, మండిన కన్ను కంగారుపడి ఇంకా నీళ్ళు కుమ్మరిస్తుంది, నూనె లేదు కాబట్టి అవీ నిలవవు. ఆ పొడితనం రెప్పను ఇంకాస్త మండిస్తుంది. పైనుంచి ఎన్ని చుక్కలు వేస్తే ఏం లాభం?

పేరిన నెయ్యికి ఏం చేస్తాం, వెచ్చబెడతాం. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పిండి, మణికట్టు మీద పెట్టి చూసుకుని, మూసిన కళ్ళ మీద పది నిమిషాలు కాపడం. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్ళీ ముంచాలి, అందరూ బద్ధకించేది అక్కడే. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు వేలితో మెల్లగా నిమరాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు బేబీ షాంపూ కలిపి, ఇయర్ బడ్‌తో వెంట్రుకల మొదళ్ళు తుడవాలి. మొదట్లో రోజుకు రెండుసార్లు చేశాను, నెలకు గానీ తేడా తెలియలేదు. ఇప్పుడు ఒక్కసారి చాలు, కానీ మానేస్తే మళ్ళీ వస్తుంది.

బుజ్జీ, కాటుక రెప్ప లోపలి అంచుకి పెట్టకు, సరిగ్గా ఆ రంధ్రాల మీదే పడుతుంది. చిన్నా, స్క్రీన్ చూసేటప్పుడు నువ్వు రెప్ప సగమే వేస్తావు, పూర్తిగా వాలితేనే నూనె బయటికొస్తుంది. పొట్టు వెంట్రుకకు గొట్టంలా చుట్టుకుని ఉంటే అది డెమోడెక్స్ అనే పురుగు పని, దానికి మందు వేరే. కొందరికి యాంటీబయాటిక్ కూడా ఇస్తారు, అది డాక్టర్ చూసి చెప్పాల్సిందే. నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్ళండి.

ఆదివారం కాల్‌లో రెప్పలు కెమెరా దగ్గరగా పెట్టి చూపించాలి, ఇద్దరూ.

మీ అమ్మమ్మ