గ్లూకోజ్ సీసాతో మొదలయ్యే అపోహలు

నేను పిల్లలకు అథ్లెటిక్స్ నేర్పుతాను. ఎక్కువమంది 9 నుంచి 15 ఏళ్ల వాళ్లు. పొద్దున్నే దింపడానికి వచ్చే అమ్మానాన్నల్లో సగం మంది చేతిలో గ్లూకోజ్ నీళ్ల సీసా ఉంటుంది. "సార్, ముందు రెండు గుక్కలు తాగించండి, లేకపోతే నీరసపడిపోతాడు" అంటారు.

అపోహ: గ్లూకోజ్ పడకపోతే పిల్లలు పరిగెత్తలేరు.

వాస్తవం: రాత్రి సరిగ్గా అన్నం తిన్న పిల్లాడికి గంటలోపు ప్రాక్టీసుకు మంచినీళ్లు చాలు. కండరం ప్రధానంగా వాడేది పిండిపదార్థం, కొవ్వు. ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్లు ఒకే స్థాయిలో కష్టపడినా, పెద్దవాళ్ల కంటే పిల్లలు కొవ్వు మీద ఎక్కువ ఆధారపడతారు. కెనడాలో పదేళ్ల అబ్బాయిలతో, 22 ఏళ్ల యువకులతో గంటసేపు సైకిల్ తొక్కించి చూశారు. 2003లో వచ్చిన ఆ ఫలితాల్లో, బరువుతో సరిచూస్తే పిల్లలు సుమారు 70 శాతం ఎక్కువ కొవ్వు ఖర్చుచేశారు.

ఇందులో ఒక మెలిక ఉంది. తాగించిన చక్కెరను వాడుకోవడంలో మాత్రం పిల్లలే ముందున్నారు. సొంత నిల్వ చిన్నది కాబట్టి బయటినుంచి వచ్చినదాన్ని గబగబా వాడేస్తారేమో. అందుకే గంట దాటే మ్యాచ్‌లో, ఎండలో తీపి నీళ్లు పనికొస్తాయి. అరగంట జాగింగ్‌కు దండగ. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల సంగతి పూర్తిగా వేరు, అక్కడ డాక్టర్ చెప్పిందే వినాలి.

అపోహ: కొవ్వు అంత వాడితే మా వాడి పొట్ట ఇట్టే తగ్గాలి కదా!

వాస్తవం: ఆ గంటలో ఏ ఇంధనం మండిందన్నది ఒక లెక్క, రోజంతా తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నది ఇంకో లెక్క. ప్రాక్టీసు అయ్యాక రెండు సమోసాలు తింటే మొదటి లెక్క గురించి మాట్లాడుకోవడం అనవసరం.

అపోహ: పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు, డోసు సగం చేస్తే సరి.

వాస్తవం: ఈ తప్పు నేనూ చేశాను. మొదట్లో పదేళ్ల పిల్లలకు పెద్దవాళ్ల షెడ్యూలే ఇచ్చి, ఒక్కో స్ప్రింట్ తర్వాత 5 నిమిషాలు కూర్చోమనేవాణ్ణి. రెండో నిమిషానికల్లా లేచి ఒకర్నొకరు తరుముకునేవాళ్లు. క్రమశిక్షణ లేదని అరిచేవాణ్ణి. నిజానికి వాళ్లకు అలుపు తీరిపోయింది, అంతే. 10 సెకన్ల సైకిల్ స్ప్రింట్లు పదిసార్లు చేయించి చూసిన పరిశోధనలో, మధ్యలో ఒక్క నిమిషం ఆగితే చాలు, చిన్నపిల్లల జోరు తగ్గలేదు. పెద్దవాళ్లకు 5 నిమిషాలు కావాల్సి వచ్చింది.

కారణం కండరంలోనే ఉంది. 1970ల్లో స్వీడన్‌లో అబ్బాయిల తొడ కండరం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు (ఇవాళ అలాంటి అనుమతి దొరకడం కష్టం). గ్లైకోజన్ (కండరం దాచుకునే చక్కెర నిల్వ) పెద్దవాళ్ల కంటే తక్కువ. చక్కెరను వేగంగా విరగ్గొట్టే ఎంజైమ్ చురుకూ తక్కువే. దాంతో, చక్కెర వేగంగా విరిగినప్పుడు వచ్చే లాక్టేట్ (జనం లాక్టిక్ యాసిడ్ అనేది దీన్నే) తక్కువగా పుడుతుంది, అలుపు త్వరగా తీరుతుంది. చక్కెరను వేగంగా విరగ్గొట్టే ఆ దారి ఇంకా పూర్తిగా తెరుచుకోని పిల్లాడితో వారానికి మూడుసార్లు ప్రాణం పెట్టి 400 మీటర్లు పరిగెత్తిస్తే లాభమేంటి? అదే సమయంలో పరిగెత్తే తీరు, గెంతులు, ఆటలు నేర్పొచ్చు.

"ఒళ్లు నొప్పులంటున్నాడు, లాక్టిక్ యాసిడ్ పట్టేసిందా" అని అడిగేవాళ్లూ ఉన్నారు. మర్నాటి నొప్పికి లాక్టేట్‌తో సంబంధం లేదు, పెద్దవాళ్లలోనూ లేదు. అలవాటు లేని పనికి కండరం కాస్త దెబ్బతింటుంది, అంతే.

అపోహ: ఒకే వయసు వాళ్లయితే ఒకే ఇంజన్.

వాస్తవం: ఈ తేడా పుట్టినరోజుతో పోదు, యవ్వనం వచ్చేకొద్దీ పోతుంది. అండర్-14 రేసులో మీసం మొలిచినవాడు, గొంతు కూడా మారనివాడు పక్కపక్కనే నిలబడతారు. మొదటివాడి కండరం చాలావరకు పెద్దవాళ్ల పద్ధతికి వచ్చేసి ఉంటుంది. వాడు గెలుస్తాడు, వాళ్ల నాన్న స్వీట్లు పంచుతాడు. ఆరో స్థానంలో వచ్చిన బక్కపిల్లాడి వాళ్ల నాన్న నంబర్ మాత్రం నేను ఫోన్‌లో సేవ్ చేసుకుంటాను.