ఎర కన్నా ముందు థర్మామీటరు

అమెరికాలో గాలపు సామాన్లు అమ్మే పెద్ద దుకాణంలో అడుగుపెడితే కళ్ళు తిరుగుతాయి. గోడల నిండా రబ్బరు పురుగులు, మెరిసే రేకులు, చెక్క చేపపిల్లలు, ఒక్కోటి పాతిక రంగుల్లో. అందులో సగం చేపకు కాకుండా కొనేవాడికి వేసిన ఎర. ట్రౌట్, క్రాపీ, బాస్‌లలో దేనికి గాలం వేసినా ముందు కొనాల్సింది దారం కట్టి నీళ్ళలో దించే చిన్న థర్మామీటరు.

ఇలాంటి చేపకు సొంత ఒంటి వేడి ఉండదు. నీరు ఎంత వేడిగా ఉంటే అదీ అంతే. నీరు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, ఎర ముక్కు ముందుకొచ్చినా కదలదు. నీరు వేడెక్కేకొద్దీ ఆకలీ పెరుగుతుంది, ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. తిరకాసు ఏమిటంటే, వేడి నీటిలో కరిగే ఆక్సిజన్ తక్కువ. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో 11 మిల్లీగ్రాముల పైచిలుకు కరుగుతుంది. 20 దగ్గర 9, 30 దగ్గర ఏడున్నర. భీమవరం, కైకలూరు రైతులకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అసలే తక్కువున్న ఆక్సిజన్ మబ్బు పట్టిన రోజున ఇంకా తగ్గి, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తేది అందుకే. బొచ్చె, శీలావతి 30 డిగ్రీల నీటిలో హాయిగా పెరుగుతాయి. ట్రౌట్ ఆ నీటిలో బతకదు.

రెయిన్‌బో ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీలు అనువు. 20 దాటితే, అంటే అమెరికా థర్మామీటరులో 68 దాటితే, పట్టి వదిలిపెట్టే ఉద్దేశంతో గాలం వేయకూడదు. వదిలిన చేప ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది గానీ తర్వాత ఎక్కడో చచ్చి తేలుతుంది. 25 దగ్గరికొస్తే ఎవరూ పట్టకుండానే పోతుంది. మన దేశంలోకి ఈ జాతి చేపలను తెచ్చిన బ్రిటిష్‌వాళ్ళు కాశ్మీరు వాగులు, నీలగిరులు వెతుక్కుంటూ వెళ్ళారు తప్ప గోదావరి జోలికి రాలేదు. కారణం ఇదే.

డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో ఉండే తెలుగువాళ్ళకు ట్రౌట్ ఎదురయ్యేది చలికాలంలో, ఊరి పార్కు చెరువులో. టెక్సస్ వన్యప్రాణి శాఖ ఏటా నవంబరు చివర మొదలుపెట్టి మార్చి దాకా హ్యాచరీ ట్రౌట్‌ను ఈ చెరువుల్లో వదులుతుంది. వేసవి వస్తే ఎలాగూ చస్తాయని తెలిసే వదులుతారు కాబట్టి వాటిని పట్టుకుని వండుకోవడంలో తప్పేమీ లేదు. ఇవి గుళికల మేత తిని పెరిగినవి, అందుకే మెత్తని పిండి ఎరకు బాగా పడతాయి. దుకాణంలో డబ్బాల్లో దొరికే ఈ పిండి నీటిలో తేలేది. దారానికి ముందు నడిమిలో రంధ్రం ఉన్న సీసపు గుండు ఎక్కించి, దాని కింద చిన్న స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు కీలు) కట్టి, స్వివెల్ నుంచి 45 సెంటీమీటర్ల సన్న దారం, చివర 14 లేదా 16 నంబరు కొక్కెం (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది). గుండు అడుగున కూర్చుంటుంది. పిండి ముద్ద నాచుకు పైన, చేప తిరిగే ఎత్తులో తేలుతుంది. గాలం విసిరే ముందు కొక్కేనికి ముద్ద పెట్టి ఒడ్డు పక్కనే నీళ్ళలో వదిలి చూడాలి. మునిగితే కొక్కెం బరువుకు ముద్ద చాలలేదన్నమాట, ఇంకాస్త పెట్టాలి. ఈ పరీక్ష చేయకుండా విసిరి, ఎర నాచులో కూరుకుపోయిందని తెలియక గంటల తరబడి కూర్చునేవాళ్ళు ప్రతి చెరువు దగ్గరా కనిపిస్తారు.

అదే టెక్సస్‌లో ఏడాది పొడవునా ట్రౌట్ బతికే నది ఒకటుంది. శాన్ ఆంటోనియోకు ఈశాన్యాన, కెన్యన్ డ్యామ్ దిగువన పారే గ్వాడలూప్. బయట 38 డిగ్రీల ఎండలో చల్లటి నీటి చేప ఎలా బతుకుతోంది? నీరు అన్నిటికన్నా బరువెక్కేది 4 డిగ్రీల దగ్గర. వేసవిలో లోతైన జలాశయం పొరలుగా విడిపోతుంది: ఎండకు కాగిన తేలిక నీరు పైన, చలికాలపు చల్లని బరువైన నీరు కింద, మధ్యలో కొద్ది మీటర్లలోనే వేడి ఒక్కసారిగా పడిపోయే సన్నటి పొర. కెన్యన్ డ్యామ్ తూము అడుగు నీటిని వదులుతుంది. ఆ చలువ దిగువన కొన్ని మైళ్ళ దాకా నిలుస్తుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలు టెక్సస్ నదే. డ్యామ్ దిగువన గాలం వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. నీటి విడుదల పెంచితే మోకాలి లోతు కాస్తా నడుముల దాకా లేస్తుంది. ఒక రాయిని గుర్తు పెట్టుకుని, అది మునుగుతుంటే ఒడ్డెక్కేయాలి.

పారే నీటిలో ట్రౌట్ ఎప్పుడూ ఎగువకు ముఖం పెట్టి నిలబడుతుంది. వడిలో ఊరికే ఈదుతూ ఒంట్లో బలం ఖర్చు చేసుకోదు. రాయి వెనకో, వేగపు నీరూ నెమ్మది నీరూ రాసుకునే గీత పక్కనో, తనకు శ్రమ లేని చోట నిలబడి, పక్క వడిలో కొట్టుకొచ్చే పురుగును అందుకుని మళ్ళీ చోటికి చేరుతుంది. నీటిపై నురగ ఏ దారిన పోతుందో పురుగులూ ఆ దారినే పోతాయి. ముందు ఆ నురగ గీతను వెతకాలి.

తర్వాత మనం దానికి కనపడకుండా ఉండాలి. ఇక్కడ కాంతి వక్రీభవనం పనికొస్తుంది. నీటి లోపలి నుంచి చూసే చేపకు పై ప్రపంచమంతా తల మీది ఒక గుండ్రటి కిటికీలోనే ఇమిడి కనిపిస్తుంది. ఆ వృత్తం వ్యాసం చేప ఉన్న లోతుకు సుమారు రెండుంపావు రెట్లు. 60 సెంటీమీటర్ల లోతున ఉన్న ట్రౌట్‌కు కిటికీ 136 సెంటీమీటర్లు. దాని బయట నీటి ఉపరితలం అద్దంలా నీటి అడుగునే చూపిస్తుంది. ఒడ్డున నిటారుగా నిలబడ్డ మనిషి ఈ కిటికీ అంచుల్లో నలిగి, చిన్నగానైనా, కనిపిస్తాడు. వంగితే, లేదా దూరం జరిగితే, అంచు దగ్గరి మసకలో కలిసిపోతాడు. చేప ముఖం ఎగువకు కాబట్టి దిగువ నుంచి, వంగి, నీళ్ళు చప్పుడు కాకుండా నడిచివెళ్ళడం మేలు.

దారం రెండు కిలోల బరువు తట్టుకునేదైతే చాలు. 10 నంబరు కొక్కేనికి వానపాము ముక్క, పైన 25 సెంటీమీటర్ల ఎడంలో సీసపు చిట్టి గుండు ఒకటి. ఎగువకు ఏటవాలుగా విసిరి, ఎర కిందికి వస్తుంటే వదులు దారాన్ని రీలుకు చుట్టుకుంటూ రావాలి. గుండు అప్పుడప్పుడు రాళ్ళకు తగిలి టిక్ మనాలి. అస్సలు తగలకపోతే బరువు చాలలేదు, ఆగిపోతుంటే ఎక్కువైంది. చాలామందికి చేప పడకపోవడానికి కారణం ఇంకోటి. మనకూ ఎరకూ మధ్య వేగంగా పారే పాయ ఉంటే అది దారాన్ని విల్లులా వంచి ఎరను ఈడ్చుకుపోతుంది. నిజమైన పురుగు ఏదీ నీటి కన్నా వేగంగా అడ్డంగా పరుగెత్తదు, ట్రౌట్‌కు ఆ సంగతి తెలుసు. దారం వంగడం మొదలవగానే కర్ర కొనతో దాన్ని నీటి మీంచి లేపి ఎగువ వైపు వేసేయాలి. ఈ ఒక్క మణికట్టు పని వస్తే సగం విద్య వచ్చినట్టే.

చెరువులోకి వస్తే క్రాపీ, బాస్. చూడడానికి పొంతన లేకపోయినా రెండూ ఒకే కుటుంబం, సన్‌ఫిష్ దాయాదులు. సముద్రంలో బాస్ అని పిలిచే చేపలకూ ఈ బాస్‌కూ దగ్గరి చుట్టరికం లేదు. బాస్ ప్రజాతి శాస్త్రీయ నామం మైక్రాప్టెరస్, అంటే చిన్న రెక్క. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాసెపేడ్ చేతికి వచ్చిన నమూనాకు వీపు రెక్క చినిగిపోయి ఉంది. విడిపోయిన ముక్కను ఆయన వేరే చిన్న రెక్క అనుకుని పేరు పెట్టాడు. పొరపాటు బయటపడినా పేరు మారలేదు.

క్రాపీలో తెలుపు, నలుపు అని రెండు రకాలున్నాయి. రంగు చూసి చెబితే మోసపోతారు. వీపు ముళ్ళు లెక్కపెట్టాలి: తెల్లదానికి ఐదారు, నల్లదానికి ఏడెనిమిది. దీని నోటి పక్కలు కాగితంలా పలచన. ఎర పట్టగానే కర్రను గట్టిగా గుంజితే పెదవి చినిగి చేప జారిపోతుంది. కర్రను నెమ్మదిగా పైకెత్తితే చాలు. కళ్ళు తలలో పైవైపుకు ఉండడం వల్ల పైనున్నది చూసి లేచి తింటుంది, కిందికి దిగి తినడం అరుదు. మునిగిన చెట్టు కొమ్మల దగ్గర, పడవల రేవు కింద గుంపుగా ఉంటుంది. కాబట్టి ఎరను పైనుంచి మొదలుపెట్టి 30 సెంటీమీటర్ల చొప్పున దించుతూ రావాలి. ఏ లోతున మొదటి చేప పడిందో ఆ లోతులోనే మిగతావీ ఉంటాయి. లోతు దాటిపోతే గుంపు కింద గాలం ఆడించి లాభం లేదు.

క్రాపీకి ఒకటి నుంచి రెండు గ్రాముల జిగ్ (తల దగ్గర సీసం పోసిన కొక్కెం), దానికి పైన జారే బెండు. జిగ్ నీటిలో పడుకున్న చేపపిల్లలా అడ్డంగా వేలాడాలి. ముడి ముందుకు జారితే తోక కిందికి దిగి నిలువుగా వేలాడుతుంది, అలా ఈదే చేపపిల్ల ఉండదు. ఒక్కో చేప పడ్డాక ముడిని వేలితో కొక్కెం కంటి (దారం కట్టే రంధ్రం) పైభాగానికి తిరిగి జరుపుకోవాలి. బెండు మునగడం కోసమే ఎదురుచూడకండి. క్రాపీ ఎరను పైకి ఎత్తుకుపోతుంది కనుక బరువు తేలిపోయి బెండు పక్కకు ఒరుగుతుంది. అప్పుడే కర్ర ఎత్తాలి.

బాస్‌ను అర్థం చేసుకోవడానికి మనకు కొరమీను ఉంది. రెండూ నాచు అంచున కాపు కాసి కప్పను మింగే రకం, రెండూ పిల్లలను కాపలా కాస్తాయి. బాస్ కాటువేయదు, పీలుస్తుంది. నోరు గభాల్న తెరిచి నీటితో సహా ఎరను లోపలికి గుంజుకుంటుంది. నచ్చకపోతే అంతే వేగంగా ఊసేస్తుంది. మన చేతికి తెలిసేది ఒక చిన్న టిక్, లేదా దారం ఉన్నట్టుండి పక్కకు కదలడం.

నాచు చెరువుల్లో బాస్‌కు టెక్సస్ పద్ధతిని మించింది లేదు. దారానికి ఐదారు గ్రాముల తూటా ఆకారపు బరువు, చివర 3/0 అనే పెద్ద సైజు కొక్కెం, దానికి జానెడు కన్నా కాస్త చిన్న రబ్బరు పురుగు. కొక్కెం మొనను పురుగు తలలో అర సెంటీమీటరు గుచ్చి పక్కనుంచి బయటికి తీసి, పురుగును కొక్కెం కంటి దాకా జరిపి, కొక్కేన్ని తిప్పి, మొనను పురుగు ఒంట్లోనే దాచాలి. మొన దాగి ఉంటే నాచు తగులుకోదు. గుచ్చాక పురుగు తిన్నగా ఉందా చూడండి. వంకర ఉంటే నీటిలో గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. విసిరాక దారం వదులుగా ఉంచి మునగనివ్వాలి, ఎక్కువ బాస్‌లు ఎర మునిగేటప్పుడే పడతాయి. టిక్ తెలిస్తే వదులు చుట్టుకుని గట్టిగా లాగాలి, మొన పురుగును చీల్చుకుని దవడలో దిగాలి కదా. క్రాపీకి నేర్చుకున్న నెమ్మది ఇక్కడ పనికిరాదు.

ఇక రంగుల సంగతి. బాస్ కంటిలో రంగును పట్టే కణాలు రెండే రకాలు, ఎరుపుకూ ఆకుపచ్చకూ. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన పరీక్షల్లో బాస్‌లు ఎరుపునూ ఆకుపచ్చనూ బాగా గుర్తుపట్టాయి. నలుపుకూ నీలానికీ, తెలుపుకూ నిమ్మపసుపుకూ తేడా చెప్పలేకపోయాయి. దుకాణం గోడ మీది పాతిక రంగుల్లో ఎన్ని అనవసరమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. నీరు తేటగా ఉంటే నేల రంగు పురుగు, బురదగా ఉంటే నల్లటిది చాలు.

వసంతంలో నీరు 16 నుంచి 18 డిగ్రీలకు చేరగానే మగ బాస్ ఒడ్డు దగ్గర తోకతో గుంట చేసి, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళాక ఒంటరిగా కాపలా ఉంటుంది. గుంటలోకి ఏది వచ్చినా నోట కరుచుకుని బయట పారేస్తుంది, ఆకలి వల్ల కాదు. అందుకే అప్పుడు దాన్ని పట్టడం సులువు. దాన్ని పైకి లాగిన కొద్ది నిమిషాల్లోనే చుట్టూ కాచుకున్న బ్లూగిల్ చేపలు గుడ్ల మీద పడతాయి. గుంట మీదున్న బాస్‌ను వదిలేయడమే మర్యాద.

టెక్సస్ సాధారణ నిబంధన ప్రకారం లార్జ్‌మౌత్ (పెద్దనోటి) బాస్ 14 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవచ్చు, రోజుకు ఐదు. క్రాపీ 10 అంగుళాలు, రోజుకు పాతిక. కొన్ని చెరువులకు ప్రత్యేక నిబంధనలుంటాయి, లైసెన్సు తీసుకునేటప్పుడే చూసుకోవాలి. చిన్నదాన్ని వదలాల్సి వస్తే చేతులు తడుపుకుని పట్టుకోవాలి. పొడి చెయ్యి ఒంటి మీది జిగురు పొరను తుడిచేస్తుంది. కొక్కెం గొంతులోకి దిగితే పెరకకుండా దారం కోసేయడం మేలు.

వదలడంలోనూ ట్రౌట్‌కూ మిగతా రెంటికీ తేడా ఉంది. చేప తేలడానికి ఉపయోగపడే గాలితిత్తికి ట్రౌట్‌లో గొంతు దాకా గొట్టం ఉంటుంది. పైకి లాగుతుంటే వ్యాకోచించిన గాలిని బుడగలుగా వదిలేస్తుంది. క్రాపీ, బాస్‌ల తిత్తి మూసుకున్నది. పది మీటర్ల లోతున ఒత్తిడి పైదానికి రెట్టింపు, కాబట్టి అక్కడినుంచి ఒక్కసారిగా లాగితే తిత్తి రెట్టింపు ఉబ్బి కళ్ళు పొడుచుకొస్తాయి, కడుపు నోట్లోకి తన్నుకొస్తుంది. అలాంటి క్రాపీని నీళ్ళలో వదిలినా మునగలేక వెల్లకిలా తేలుతుంది. అంత లోతున గాలం వేస్తే పరిమితి నిండగానే ఆపేయాలి, తర్వాత పట్టినవాటిని వదిలి పుణ్యం లేదు.

ఇంటికి తెచ్చేవాటిని ఐసు పెట్టెలో వేయాలి. క్రాపీ మాంసం మెత్తన, పులుసులో చెదిరిపోతుంది, వేపుడుకే బాగుంటుంది. ట్రౌట్ పేగులు త్వరగా పాడవుతాయి కనుక ఒడ్డునే కోసి తీసేయాలి. లోపల వెన్నెముక వెంట గడ్డకట్టిన నెత్తురులా నల్లటి చార ఒకటి కనిపిస్తుంది. అది దాని మూత్రపిండం. బొటనవేలి గోటితో పొడవునా గీకి కడిగేస్తే నీచు వాసన చాలావరకు అక్కడే పోతుంది.